అనంతానికి చిత్రం గీయవచ్చునా?

గణన యంత్రాల సాయంతో గీయబడే చిత్రాలలో ‘ఫ్రాక్టల్’ అనే పేరుగలవి గత నాలుగు దశాబ్దాలుగా లోకమంతటా విశేష ప్రచారం పొందాయి. చిత్రంలోని ఏ చిన్న భాగాన్ని పెద్దది చేసి చూసినా అందులో మొత్తాన్ని పోలిన ఆకారం, దానిలో మరొకటి, దాని లోపల ఇంకొకటి కనిపించడం వీటి ముఖ్య లక్షణం. ఒకప్పుడు పెద్ద సంస్థల ప్రయోగశాలలకే పరిమితమైన ఈ పనిని ఇప్పుడు విజయవాడ వన్ టౌన్‌లో, ఇస్లాంపేటలోనో వించిపేటలోనో, ఒక విద్యార్థి బల్ల మీది సామాన్యమైన కంప్యూటరు చేసిపెట్టగలదు. ప్రోగ్రాం వ్రాయడం నేర్చుకునే యువకులు తమ సొంత ప్రోగ్రాంతో ఇటువంటి చిత్రాన్ని గీసి చూసుకోవడం ఒక ఆనవాయితీగా కూడా మారింది.

చిత్రాలతో పాటు వాటిని గురించిన మాటలు కూడా వ్యాపించాయి. ముస్లిం పాఠకులలో అవి మూడు రూపాలలో వినవస్తాయి. ఈ చిత్రం అనంతాన్ని కళ్ల ముందు నిలుపుతున్నదన్నది మొదటి మాట. ముస్లిం శిల్పులు ఈ విద్యను ఐదారు వందల ఏళ్ల క్రితమే కనుగొన్నారన్నది రెండవది. సృష్టి అంతా ఈ పద్ధతిలోనే రూపొందింది గనుక ఇది సృష్టికర్త చేవ్రాలు వంటిదని, విశ్వాసానికి శాస్త్రీయమైన ఋజువని చెప్పడం మూడవది. ఈ మూడూ భక్తితోనో అభిమానంతోనో పుట్టిన మాటలే గాని దురుద్దేశంతో పుట్టినవి కావు. అయినా ఏ ఒక్కటీ చెప్పబడిన రూపంలో నిలవదు. వాటిని సరిచేసినంత మాత్రాన చిత్రం విలువ తగ్గదు. ఆ విలువ ఎక్కడున్నదో అప్పుడే తేటపడుతుంది.

నియమం, యంత్రం

‘ఫ్రాక్టల్’ అనే పదాన్ని 1975లో సృష్టించినవాడు బెన్వా మాండెల్‌బ్రాట్. ‘విరిగినది’ అనే అర్థంగల లాటిన్ పదం దీనికి మూలం. 1924లో వార్సాలో పుట్టి, 2010లో మరణించిన ఈ గణితవేత్త 1958 నుండి అమెరికాలో ఐ.బి.ఎం. పరిశోధనాలయంలో పనిచేశాడు. ఆయన పేరుతోనే ప్రసిద్ధమైన సంఖ్యా సమితి చిత్రం ఈ కళకంతటికీ గుర్తుగా నిలిచిపోయింది. దాని తొలి ముతక రూపాన్ని 1978లో బ్రూక్స్, మాటెల్‌స్కీ అనే ఇద్దరు గణితవేత్తలు నక్షత్రపు గుర్తులను పేర్చి అచ్చువేశారు. 1980లో మాండెల్‌బ్రాట్ మరింత స్పష్టమైన చిత్రాలు తీయించాడు. 1985 ఆగస్టులో ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రిక ముఖచిత్రంగా వెలువడిన తరువాత ఇది ఇంటింటి కంప్యూటర్లకు చేరింది.

ఇంతటి చిత్రానికి ఆధారమైన నియమం ఒక్క వాక్యంలో చెప్పగలిగినంత చిన్నది. కాగితం మీది ప్రతి బిందువూ ఒక సంఖ్యకు గుర్తు. గణితంలో దానిని సంకీర్ణ సంఖ్య అంటారు. సున్నాతో మొదలుపెట్టి, ఉన్న సంఖ్యను దానితోనే గుణించి, ఎంచుకున్న బిందువు సంఖ్యను కలపాలి. వచ్చిన ఫలితంతో మళ్లీ అదే పని చేయాలి. ఎంచుకున్న సంఖ్య 1 అయితే వరుసగా 1, 2, 5, 26 వస్తాయి. ఇక ఆ పెరుగుదలకు అంతు లేదు. అది -1 అయితే -1, 0, -1, 0 అంటూ అక్కడక్కడే తిరుగుతుంది. ఎంతకాలం చేసినా పారిపోని బిందువులకు నలుపు రంగు, సున్నా నుండి 2 కన్న ఎక్కువ దూరం పోయిన వాటికి అవి ఎన్ని అడుగులలో పోయాయో ఆ లెక్కను బట్టి వేరొక రంగు వేస్తారు. చిత్రమంతా ఇంతే. 

నియమం చిన్నదే గాని చాకిరీ పెద్దది. పొడవు, వెడల్పు నాలుగేసి వేల చుక్కలుగల చిత్రంలో 1 కోటి 60 లక్షల చుక్కలుంటాయి. అంచులు గరుకుగా కనిపించకుండా ఉండాలంటే ఒక్కొక్క చుక్క లోపల పదహారు బిందువులను లెక్కించి సగటు తీయాలి. అప్పుడు 25 కోట్ల 60 లక్షల బిందువులు. ఒక్కొక్క దానికి సగటున వేయి అడుగులనుకుంటే 25,600 కోట్ల సార్లు ఆ గుణకారం, కూడిక జరగాలి. ఈ చాకిరీని యంత్రం చేస్తుంది. ఎక్కడ ఆపాలో, ఎంత నిఖార్సుగా చేయాలో మాత్రం మనిషే చెప్పాలి. విమర్శకుడు పరీక్షించవలసినది ఆ నిర్ణయాలనే.

కన్ను మోసపోయిన చోటు

1980 నాటి చిత్రాలలో ప్రధానాకారం చుట్టూ చిన్న చిన్న మచ్చలు కనిపించాయి. వాటిని చూసి ఆ సమితి ఒకదానికొకటి అంటని అనేక ద్వీపాల సముదాయమని మాండెల్‌బ్రాట్ మొదట భావించాడు. 1982లో ఏడ్రియన్ డూఆడి, జాన్ హబ్బర్డ్ అనే గణితవేత్తలు అది ఎక్కడా తెగని ఒకే అఖండాకారమని నిరూపించారు. ద్వీపాలను కలిపే తంతువులు అత్యంత సన్ననివి. ఆనాటి యంత్రం వాటిని అందుకోలేకపోయింది. సమితికి ఆ మహనీయుని పేరు పెట్టినవారు కూడా వీరిద్దరే. చిత్రం చూపిన దానిని నిరూపణ దిద్దవలసి వచ్చింది. ఈ రంగం పుట్టిన రోజులలోనే దాని మూలపురుషునికే ఇది అనుభవమైంది.

సొంతంగా ప్రోగ్రాం వ్రాసేవారికి ఇదే పొరపాటు మరొక రూపంలో ఎదురవుతుంది. 0.25 అనే సంఖ్య సమితి అంచున ఉన్నది. దానికి ఏ మాత్రం ఎక్కువైనా, అదే వరుసలో ఉన్న బిందువు ఎప్పటికో ఒకప్పటికి పారిపోవలసిందే. ఆ తేడా వందో వంతు అయితే పారిపోవడానికి 30 అడుగులు పడతాయి. పదివేలో వంతు అయితే 312, పదిలక్షో వంతు అయితే 3,140, పదికోట్లో వంతు అయితే 31,414 అడుగులు పడతాయి. ప్రోగ్రాం వ్రాసినవాడు ‘వేయి అడుగులు చూసి ఆపివేయి’ అని ఆజ్ఞాపిస్తే, మూడవ, నాల్గవ బిందువులు బయటివే అయినా సమితిలోనివిగా నల్లగా అచ్చవుతాయి. హద్దును పదివేలకు పెంచితే మూడవది సరిపడుతుంది గాని నాల్గవది తప్పుగానే మిగులుతుంది. చూసేవాడికి ఆ నలుపు ఎంతో నిండుగా, నిశ్చయంగా కనిపిస్తుంది. ‘ఇది లోపలిది’ అనడానికీ ‘ఇంతవరకే చూశాము’ అనడానికీ ఉన్న తేడాను నలుపు రంగు దాచివేస్తుంది.

పై అంకెలలో మరొక విశేషమున్నది. 3,140, 31,414 అన్నవి వృత్త పరిధికీ వ్యాసానికీ మధ్య గల నిష్పత్తి, అనగా ‘పై’ అంకెలు. ఏ వృత్తమూ గీయని ఈ లెక్కలో ‘పై’ దాగి ఉన్నదని 1991లో డేవ్ బోల్ అనే విద్యార్థి గమనించాడు. 2001లో ఆరన్ క్లెబనాఫ్ దానికి నిరూపణ ప్రచురించాడు. రంగుల తళుకులను చూసి ఆగిపోయినవారికి ఈ సొగసు కనిపించదు. అడుగులను ఓపికతో లెక్కించినవారికే అది దొరికింది.

సమర్ఖందులో గుర్రపు వెంట్రుక

‘పై’ ప్రస్తావన వచ్చినప్పుడు ముస్లిం గణిత చరిత్రలో ఒక ఘట్టాన్ని స్మరించడం అవసరం. ఉలుగ్ బేగ్ ఆశ్రయంలో సమర్ఖందులో పనిచేసిన జంషీద్ అల్ కాషీ 1424లో వృత్త పరిధిపై ఒక గ్రంథం పూర్తిచేశాడు. లెక్క ప్రారంభించక ముందే ఆయన తన హద్దును ప్రకటించుకున్నాడు. భూమి వ్యాసానికి ఆరు లక్షల రెట్లు వ్యాసంగల వృత్తాన్ని తీసుకున్నా, దాని పరిధిలో వచ్చే తప్పు ఒక గుర్రపు వెంట్రుక మందం కన్న తక్కువగా ఉండాలన్నది ఆయన పెట్టుకున్న షరతు. అందుకు ఎన్ని భుజాలుగల బహుభుజి కావాలో, ప్రతి మెట్టులో ఎన్ని స్థానాల వరకు లెక్కించాలో ముందే నిర్ణయించాడు. 80 కోట్ల 53 లక్షల 6 వేల 368 భుజాలుగల బహుభుజి ద్వారా ‘పై’ విలువను 16 దశాంశ స్థానాల వరకు సరిగా సాధించాడు. 1596లో లుడాల్ఫ్ వాన్ కొయిలెన్ 20 స్థానాలు ప్రచురించే వరకు లోకంలో ఎవరూ దానిని మించలేదు.

ఈ ఘట్టానికి నేటి ఫ్రాక్టల్ చిత్రాలతో సూటి సంబంధమున్నది. సామాన్య కంప్యూటరు ఒక సంఖ్యను దాచుకునే పద్ధతిలో నమ్మదగిన అంకెలు పదిహేను, పదహారు మాత్రమే. అల్ కాషీ చేతితో సాధించిన నిఖార్సు సుమారుగా అంతే. చిత్రాన్ని పది లక్షల కోట్ల రెట్లు, అనగా 1 పక్కన 13 సున్నాలంత, పెద్దది చేసేసరికి పక్క పక్క చుక్కల సంఖ్యలలోని తేడా ఆ పదహారు అంకెలలో ఇమడదు. వేర్వేరు బిందువులు యంత్రానికి ఒకే సంఖ్యగా కనిపిస్తాయి. సున్నితమైన తీగెలు ఉండవలసిన చోట ముతక గళ్లు ప్రత్యక్షమవుతాయి. అనంతం వైపు ప్రయాణమని ప్రచారమయ్యే చిత్రం అక్కడ ఆగిపోతుంది. ఆగినది సమితి కాదు, యంత్రం దగ్గరున్న అంకెలు.

ఇంకా లోతుకు పోదలచినవారు సొంత సాఫ్ట్‌వేరు వ్రాసుకోవలసి వచ్చింది. ఎన్ని అంకెలైనా దాచుకునేలా యంత్రానికి నేర్పవచ్చు గాని, ప్రతి బిందువుకూ వందల అంకెల గుణకారమంటే ఒక్క చిత్రానికే రోజులు, వారాలు పడతాయి. 2013లో కె.ఐ. మార్టిన్ ఒక ఉపాయాన్ని ప్రయోగించి చూపాడు. చిత్రం మధ్యలో ఒక్క బిందువు ప్రయాణాన్ని మాత్రమే పూర్తి నిఖార్సుతో లెక్కిస్తారు. మిగిలిన బిందువులు ఆ దారి నుండి ఎంత పక్కకు తొలగాయో ఆ తేడాలను మాత్రమే సామాన్య పద్ధతిలో లెక్కిస్తారు. తేడాలు చిన్నవి గనుక పదహారు అంకెలు చాలుతాయి. దీనితో 1 పక్కన వందల సున్నాలు పెట్టవలసినంత లోతులు కూడా సామాన్య కంప్యూటర్లకు అందుబాటులోకి వచ్చాయి.

అయితే ఈ ఉపాయంలో ఒక చిక్కున్నది. కొన్ని చోట్ల ప్రధాన బిందువు దారి పక్క బిందువులకు మార్గదర్శిగా పనికిరాదు. అక్కడ తేడాల లెక్క చెడిపోయి, ఏ వివరమూ లేని నున్నని మచ్చలో, అసలు లేని ఆకారాలో పుట్టుకొస్తాయి. చూసేవాడు వాటిని కూడా సమితిలోని అందాలుగానే భావించవచ్చు. బాధ్యతగల ప్రోగ్రాములు అటువంటి చోట్లను పసిగట్టి, వేరొక ప్రధాన బిందువుతో తిరిగి లెక్కిస్తాయి. ఆ శ్రమ పడని ప్రోగ్రాం చిత్రం కూడా అంతే అందంగా ఉండవచ్చు. కాబట్టి ఈ కళలో మంచి చెడులను కంటికి ఇంపు కావడంతో మాత్రమే తేల్చలేము. తప్పు హద్దును ముందే చెప్పి, దానికి కట్టుబడ్డాడా లేదా అన్నదే మొదటి పరీక్ష. అల్ కాషీ గుర్రపు వెంట్రుకను కొలబద్దగా పెట్టుకున్నది ఇందుకే.

రంగుల సంగతి

ఈ చిత్రాలను ప్రశంసించేవారు సాధారణంగా రంగులనే ప్రశంసిస్తారు. కాని రంగు గణితంలోనిది కాదు. నియమం ఇచ్చేది అడుగుల లెక్క మాత్రమే. ముప్ఫై అడుగులకు నీలమా, పసుపా అన్నది ప్రోగ్రాం వ్రాసినవాడి ఇష్టం. ఒకే చిత్రాన్ని నిప్పుల కొండగానూ మంచు గుహగానూ చూపించవచ్చు.

ఇక్కడ కృష్ణా డెల్టాలోని ఒక పాత పనితనాన్ని పోల్చి చూడడం ఉపయోగకరం. విజయవాడకు తూర్పున, మచిలీపట్నం చెంతనున్న పెడన కలంకారీ అద్దకానికి ప్రసిద్ధి. ఆ పేరులోని ‘కలం’, ‘కారీ’ రెండూ ఫారసీ మార్గాన వచ్చిన మాటలే. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం రేవు నుండి అద్దకం గుడ్డలు ఇరాన్‌కు విరివిగా ఎగుమతి అయ్యేవి. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో అక్కడ స్థావరాలు పెట్టుకోవడానికి ఈ వస్త్రాలే ముఖ్య కారణం. పెడన అద్దకంలో రంగు వస్తువు గుణానికి లోబడి ఉంటుంది. కరక్కాయ రసంలో తడిపిన గుడ్డపై పటిక అద్దిన చోటనే ఎరుపు పడుతుంది. ఇనుప ముక్కలను, బెల్లాన్ని ఊరబెట్టిన ద్రవం అద్దితే నలుపు పడుతుంది. పారే నీటిలో ఉతకనిదే రంగు తేరదు. పనివాడు ఏ రంగు పడితే ఆ రంగు వేయలేడు. ఆ కట్టడి నుండే కలంకారీకి ఒక గాంభీర్యం వచ్చింది.

ఫ్రాక్టల్ చిత్రకారుడికి అటువంటి కట్టడి లేదు. అందుకే ఈ చిత్రాలలో ఎక్కువ భాగం కళ్లు జిగేలుమనిపించే ఇంద్రధనుస్సు రంగులతో నిండి, ఒకదానికొకటి వేరు తెలియకుండా ఉంటాయి. అడుగుల లెక్క ఎక్కడ నెమ్మదిగా మారుతున్నదో, ఎక్కడ ఒక్కసారిగా పెరుగుతున్నదో కంటికి తెలిసేలా రెండు మూడు రంగులతోనే సరిపెట్టినవి అరుదు. మెచ్చదగినవి ఆ అరుదైనవే. రంగు లెక్కను వివరించినంతసేపు చిత్రానికి సేవ చేస్తుంది. లెక్కను కప్పివేసిన మరుక్షణం అది వట్టి అలంకారం.

అచ్చుతో అద్దిన వస్త్రానికీ ఫ్రాక్టల్‌కూ మరొక భేదం చెప్పవలసి ఉన్నది. పెడన అచ్చులో ఒకే పువ్వు ఒకే పరిమాణంలో పక్కపక్కన పునరావృతమవుతుంది. పువ్వు లోపల పువ్వు, దాని లోపల పువ్వు రాదు. పునరావృతమైన ప్రతి నమూనానూ ఫ్రాక్టల్ అనడం సరికాదు. రెండవ మాటలోని పొరపాటు ఇక్కడే మొదలవుతుంది.

పూర్వీకుల ఘనత

ముస్లిం శిల్పుల జ్యామితి నమూనాలను కంప్యూటరు కాలపు గణితంతో పోల్చే చర్చ 2007 తరువాత బాగా పెరిగింది. ఆ ఏడాది పీటర్ లూ, పాల్ స్టైన్‌హార్ట్ ‘సైన్స్’ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. ఇస్ఫహాన్‌లో 1453 నాటి దర్బె ఇమాం కట్టడం గోడపై పెద్ద నమూనా, దాని లోపల అదే జాతికి చెందిన చిన్న నమూనా ఉన్నాయని, ఐదు రకాల పలకలను పేర్చి వాటిని రూపొందించారని వివరించారు. ఆ గోడను 1970లలో ఇంగ్లండు గణితవేత్త రోజర్ పెన్‌రోజ్ వర్ణించిన ఎన్నడూ పునరావృతం కాని పలకల అమరికతో పోల్చారు. 3,700 పలకలలో 11 చోట్ల మాత్రమే తేడా ఉన్నదని లెక్క తేల్చారు.

ఈ వ్యాసం వెలువడగానే ‘ముస్లిములు ఐదు వందల ఏళ్ల ముందే కనుగొన్నారు’ అన్న వార్త దేశదేశాలలో వ్యాపించింది. రెండేళ్లకు, 2009లో, ముస్లిం అలంకరణ గణితాన్ని లోతుగా అధ్యయనం చేసిన పీటర్ క్రామ్‌వెల్ ఆ సాక్ష్యాన్ని తిరిగి పరిశీలించాడు. రెండంతస్తుల నమూనా గీసే నేర్పు శిల్పులకు ఉన్నమాట నిజమే గాని, ఎన్నడూ పునరావృతం కాని అమరిక అనే భావన వారికి తెలుసునని చెప్పడానికి ఆ ఆధారాలు చాలవని వాదించాడు. మొదటి వార్త ఎంతగా పాకిందో ఈ పునఃపరిశీలన అంతగా పాకలేదు. ఒక సముదాయం తన ఘనతకు ఇతరులిచ్చే యోగ్యతాపత్రాల కోసం ఎదురుచూసేటప్పుడు ఇలాగే జరుగుతుంది: పొగడ్త చేరుతుంది, పరిశీలన దారిలో ఆగిపోతుంది.

నిజానికి దర్బె ఇమాం శిల్పి గొప్పతనం వేరొక చోట ఉన్నది. పెద్ద పలకను చిన్న పలకలుగా విభజించే నియమం అతని చేతిలో ఉన్నది. ఆ నియమాన్ని మూడవ అంతస్తుకు, నాల్గవ అంతస్తుకు తీసుకుపోవచ్చు. కాని అతడు రెండు అంతస్తులలో ఆపాడు. అంతకు మించితే పలక చేతికి అందదు, కంటికి ఆనదు. నియమానికి అంతు లేకపోయినా గోడకు అంతు ఉన్నదని అతనికి తెలుసు. ఫ్రాక్టల్ చిత్రకారుడు అతని దగ్గర నేర్చుకోవలసిన మొదటి పాఠమిదే.

నిజమైన వారసత్వం ఎక్కడున్నదని అడిగితే జవాబులు స్పష్టంగానే ఉన్నాయి. తొమ్మిదవ శతాబ్దపు బాగ్దాదులో పనిచేసిన అల్ ఖ్వారిజ్మీ పేరు నుండే ‘అల్గారిథం’ అన్న మాట పుట్టింది. పదవ శతాబ్దంలో అబుల్ వఫా బూజ్జానీ చేతిపనివారికి అవసరమైన జ్యామితిపై ప్రత్యేకంగా గ్రంథం వ్రాశాడు. అల్ కాషీ 1427లో పూర్తిచేసిన గణిత గ్రంథంలో, గుమ్మటాల కింద అరలు అరలుగా వేలాడే ముకర్నస్ ఉపరితల వైశాల్యాన్ని లెక్కించే పద్ధతి ఉన్నది. ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపీ సంగ్రహాలయంలో భద్రంగా ఉన్న ఒక కాగితపు చుట్టలో నాటి శిల్పుల 114 నమూనాలు ఉన్నాయి. 1995లో గుల్రూ నెజిపోగ్లూ వాటిని వివరణతో ప్రచురించింది. మెట్టు మెట్టుగా సాగే నియమం, పండితుడికీ పనివాడికీ మధ్య సంభాషణ, కొలత పట్ల భయభక్తులు - ఇవి తిరుగులేని వారసత్వం. వీటి కోసం ఏ అతిశయోక్తీ అక్కరలేదు.

కృష్ణ కాలువలు

‘ప్రకృతి అంతా ఫ్రాక్టల్’ అన్న మాటకు కృష్ణా డెల్టావాసికి కంటి ఎదుటే ఉదాహరణలు దొరుకుతాయి. 1855లో ఆనకట్ట పూర్తయిన చోట, 1957 నుండి ప్రకాశం బ్యారేజీ నిలిచి ఉన్నది. అక్కడ బయలుదేరే తూర్పు కాలువ వన్ టౌన్ పక్కనే ఏలూరు, రైవస్, బందరు కాలువలుగా చీలుతుంది. వాటి నుండి చిన్న కాలువలు, వాటి నుండి పంట బోదెలు. దిగువన పులిగడ్డ వద్ద నది కూడా రెండు పాయలై దివిసీమను చుట్టుకుంటుంది. పటం మీద చూస్తే కొమ్మకు కొమ్మ, రెమ్మకు రెమ్మ మొలిచినట్లే ఉంటుంది.

సముద్రతీరం సంగతి కూడా అంతే. 1967లో మాండెల్‌బ్రాట్ బ్రిటన్ తీరం పొడవెంత అన్న ప్రశ్నతో ఒక ప్రసిద్ధ వ్యాసం వ్రాశాడు. నిజాంపట్నం నుండి మచిలీపట్నం వరకు తీరాన్ని కిలోమీటరు కర్రతో కొలిస్తే ఒక పొడవు, మీటరు కర్రతో కొలిస్తే అంతకంటే ఎక్కువ పొడవు వస్తుంది. మొదటి కర్ర దాటిపోయిన వంపులను రెండవ కర్ర లెక్కలోకి తీసుకుంటుంది.

అయినా పోలికను పోలికగానే ఉంచవలసి ఉన్నది. కాలువ కొమ్మలు నాలుగైదు మెట్లు దిగి చేనులో ఆగిపోతాయి. తీరపు వంపులు ఇసుక రేణువు దగ్గర ఆగిపోతాయి. 1998లో ‘సైన్స్’ పత్రికలో అవ్‌నీర్, ఆయన సహచరులు ఒక పరిశీలన ప్రకటించారు. 1990-96 మధ్య భౌతికశాస్త్ర పత్రికలలో ఫ్రాక్టల్‌గా వర్ణించబడిన 96 ఉదాహరణలను వారు సరిచూశారు. వాటిలో సారూప్యం నిలిచిన మేర సగటున చూస్తే, అతి చిన్న కొలతకూ అతి పెద్ద కొలతకూ మధ్య భేదం ఇరవై రెట్లు మాత్రమే. మాండెల్‌బ్రాట్ ఈ విమర్శతో ఏకీభవించలేదు. ఆ చర్చ శాస్త్రజ్ఞుల మధ్య సాగింది. ఇటువంటి చర్చలో ఉన్న విషయాన్ని తెచ్చి విశ్వాసానికి పునాదిగా వేయడం వివేకమనిపించుకోదు. రేపు ఆ లెక్క మారితే, దానిపై నిలబెట్టిన విశ్వాసం కూడా మారవలసిందేనా అని యువకుడు అడిగితే సమాధానమేమిటి?

చిత్రాలలో అల్లాహ్ నామం కనిపించిందని చూపేవారి విషయం కూడా ఇటువంటిదే. కోట్ల కొలది వంపులుగల ఆకారంలో ఓపికగా వెదికితే ఏ లిపిలోని ఏ అక్షరమైనా దొరుకుతుంది. అదే కంటితో వెదికితే ఇతరులు తమ నమ్మకాల గుర్తులను కూడా అందులో చూపగలరు. తౌహీద్ ఇటువంటి ఆధారాల మీద నిలబడలేదు, నిలబడవలసిన అవసరమూ లేదు.

అనంతం ఎవరిది?

ఇక మొదటి మాట మిగిలి ఉన్నది: చిత్రం అనంతాన్ని చూపుతున్నదనడం. ఇస్లామీయ తత్వచింతనలో ఈ ప్రశ్న కొత్తది కాదు. సృష్టిలోని ఏ వస్తువూ వాస్తవంగా అనంత పరిమాణంలో ఉండజాలదని తొమ్మిదవ శతాబ్దంలోనే అల్ కిందీ వాదించాడు. ఇమాం గజాలీ (రహ్మలై) తత్వవేత్తలను ఖండించిన తన ప్రసిద్ధ గ్రంథంలో గ్రహాల లెక్కను ముందుపెట్టారు. శని చుట్టే చుట్లు సూర్యుడు చుట్టేవాటిలో ముప్ఫయ్యో వంతు గదా, కాలానికి మొదలు లేదంటే రెండూ సమానంగా అనంతమెలా అవుతాయి, ఆ చుట్లు సరిసంఖ్యా, బేసిసంఖ్యా అని నిలదీశారు. పందొమ్మిదవ శతాబ్దంలో కాంటర్ తరువాత గణితశాస్త్రం అనంతాలను లెక్కించే దారి వేరొకటి కనుగొన్నది గనుక ఆ వాదాన్ని గణితంపై తీర్పుగా చూపరాదు. కాని సృష్టిలోని వస్తువును గురించిన మాటగా అది చేసిన హెచ్చరిక ఈ చిత్రాల విషయంలో అక్షరాలా వర్తిస్తుంది.

చిత్రంలో చుక్కలకు లెక్క ఉన్నది. అడుగులకు హద్దు ఉన్నది. అంకెలకు స్థానాలు ఇన్నేనన్న కట్టడి ఉన్నది. యంత్రానికి విద్యుత్తు, మనిషికి ఆయుష్షు - రెండూ పరిమితాలే. ఎంత లోతుకు పోయినా పోయిన దూరం పరిమితమే. ఇంకా పోవచ్చునన్నదే మిగిలేది. ‘ఇంకా పోవచ్చు’ అన్నది నియమం చెప్పే మాట, చిత్రం చూపే వస్తువు కాదు. పరిమితమైన దానిని అనంతమనడం తౌహీద్ బోధించిన జాగ్రత్తకు విరుద్ధం. సూరయె ముల్క్ ప్రారంభంలో సృష్టి వైపు పదే పదే చూడమన్న ఆహ్వానమున్నది. లోపం వెదకబోయిన చూపు అలసి తిరిగివస్తుందన్నది అక్కడి భావం. ఫ్రాక్టల్ చిత్రం కూడా, నిజాయితీగా గీసినప్పుడు, చూపు అలసిన చోటును గుర్తుచేయగలదు. అది దాని వినయం. ‘అనంతాన్ని పట్టుకున్నాను’ అన్న మాట ఆ వినయాన్ని చెడగొడుతుంది.

ధర్మశాస్త్ర దృష్టిలో ఈ చిత్రకళకు పెద్ద అభ్యంతరమేమీ లేదు. చిత్రాలు గీసి జీవించే ఒక పనివాడికి, చేయక తప్పదనుకుంటే చెట్లను, ప్రాణం లేని వాటిని గీయమని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చెప్పిన ఉదంతం సుప్రసిద్ధం. సంఖ్యల నుండి పుట్టిన ఆకారాలు ఆ కోవకే చెందుతాయి. అభ్యంతరమున్నదల్లా చిత్రం కింద వ్రాసే వ్యాఖ్యతోనే.

కాబట్టి సొంత ప్రోగ్రాంతో చిత్రాలు గీసే ముస్లిం యువకులు ఒక నియమాన్ని అలవరచుకోవడం మేలు. ప్రతి చిత్రం కింద దాని కేంద్రస్థానం, ఎన్ని రెట్లు పెద్దది చేశారో, ఎన్ని అంకెల నిఖార్సుతో లెక్కించారో, ఎన్ని అడుగుల వద్ద ఆపారో, రంగులను ఏ పద్ధతిలో కేటాయించారో వ్రాయాలి. అప్పుడు వేరొకరు తమ యంత్రంపై ఆ చిత్రాన్నే తిరిగి గీసి తప్పొప్పులు సరిచూడగలరు. తూకం, కొలత సరిగా ఉంచమన్న ఆదేశం కాళేశ్వరరావు మార్కెట్‌లోని త్రాసుకు మాత్రమే చెందినది కాదు. లెక్కలకు, చిత్రాలకు కూడా చెందుతుంది. పూర్వుల నమూనాలపై ఆసక్తి ఉన్నవారికి కూడా దారి ఉన్నది. 2000లో క్రెయిగ్ కప్లాన్ టాప్రాట్స్ అనే ప్రోగ్రాం ద్వారా ముస్లిం నక్షత్ర నమూనాలను కంప్యూటరుపై నిర్మించే పద్ధతిని అందరికీ అందుబాటులోకి తెచ్చాడు. మచిలీపట్నం మార్గాన ఇరాన్‌కు వస్త్రాలు పంపిన గడ్డపై పుట్టినవారు ఆ పనిని ఇతరులకే వదిలిపెట్టవలసిన కారణం లేదు.

అల్ కాషీ తన లెక్కలో వెంట్రుక మందం తప్పును ఒప్పుకొనే మొదలుపెట్టాడు. ఆ ఒప్పుకోలు వల్ల ఆయన ఘనత తగ్గలేదు. ఆయన అంకెలు నేటికీ నిలిచి ఉండడానికి అదే కారణం. ఫ్రాక్టల్ చిత్రం కూడా తన హద్దును తానే చెప్పుకున్నప్పుడు నమ్మదగినదవుతుంది. హద్దు లేనివాడు అల్లాహ్ ఒక్కడే.